విండోస్ 11 మీద ఇన్ని తిట్లు... వీటిలో ఏది పట్టించుకోవాలి, ఏది వదిలేయాలి

తమ్ముడు అడిగింది ఇదీ: నాన్నగారికి తెనాలిలో డీటీపీ షాపుంది, రెండు సిస్టమ్‌లూ విండోస్ 10 మీదే నడుస్తున్నాయి, విండోస్ 11కి మారదామంటే యూట్యూబ్‌లో, ఎక్స్‌లో ఎక్కడ చూసినా కొత్త ఫీచర్ల మీద జనం తిడుతూనే ఉన్నారు, ఈ తిట్లలో నిజమెంత, మారమంటారా ఆగమంటారా అని.

మారమనే చెప్తా, కానీ రేపే కాదు, రెండు సిస్టమ్‌లూ ఒకేసారి అసలే కాదు. ఇంక తిట్ల సంగతంటావా, అది కొంచెం పొడుగు కథ. నేను ఎక్స్‌పీ రోజుల నుంచీ ఇదే పనిలో ఉన్నా, ఫార్మాట్లు కొట్టడం, డ్రైవర్లు ఎక్కించడం, ఆపరేటర్లు ఫోన్ చేస్తే బండేసుకుని వెళ్ళడం, కాబట్టి కొత్త విండోస్ వచ్చిన ప్రతిసారీ మొదటి తిట్టు నాకే తగుల్తుంది, అదేదో నేనే తయారు చేసినట్టు.

ఎక్స్‌పీ వచ్చినప్పుడు ఆ నీలం బారు, ఆ పచ్చ స్టార్ట్ బటన్ చూసి పిల్లల ఆటబొమ్మలా ఉందని ఎంతమంది అన్నారో, క్లాసిక్ థీమ్ పెట్టమని ఎంతమంది నా చేత మార్పించుకున్నారో లెక్క లేదు. ఆ తిట్టినవాళ్ళే 2014 ఏప్రిల్ 8న ఎక్స్‌పీ సపోర్ట్ ఆగిపోయినప్పుడు, బాబ్బాబు మా ఎక్స్‌పీ మాకు ఉంచు అని లబోదిబోమన్నారు. కాబట్టి కొత్తది వచ్చిన మొదటి ఆరు నెలల్లో వినిపించే గోలలో సగం చేతి అలవాటు పెట్టే గోల. కంటికి కొత్త, మౌస్ పాత చోటికే పోతుంది, అక్కడ అది ఉండదు, తిట్టు వస్తుంది. ఇది తప్పు అనట్లేదు, రోజుకి రెండొందల సార్లు చేసే పని ఒక్క క్లిక్కు పెరిగితే అది రెండొందల క్లిక్కులు, ఆపరేటర్‌కి అది నిజమైన నష్టమే. కానీ అది మానే గాయం.

విండోస్ 8 మాత్రం అలా కాదు, అది వేరే లెవెల్. 2012 అక్టోబర్ 26న వచ్చింది, స్టార్ట్ బటనే పీకేశారు, ఆన్ చేస్తే స్క్రీనంతా రంగురంగుల పలకలు. జనం అడిగిన మొదటి ప్రశ్న ఏంటో తెలుసా, షట్‌డౌన్ ఎక్కడ అని. మౌస్‌ని కుడి పక్క మూలకి తీసుకెళ్ళాలి, పక్క నుంచి ఒక పట్టీ వస్తుంది, అందులో సెట్టింగ్స్, అందులో పవర్, అందులో షట్‌డౌన్. నేను ఏ-ఫోర్ పేపర్ మీద ఇదంతా రాసి, బాణం గుర్తులేసి, మానిటర్ల పక్కన సెల్లోటేప్‌తో అంటించి వచ్చేవాణ్ణి. కొంతమంది అదీ చూడకుండా డైరెక్ట్‌గా సీపీయూ బటన్ నొక్కేసేవాళ్ళు. ఏడాది తిరక్కుండానే 2013 అక్టోబర్‌లో 8.1 వచ్చి బటన్ తిరిగిచ్చారు, నొక్కితే మళ్ళీ ఆ పలకలే అనుకో, అది వేరే విషయం, అసలు మెనూ రావడానికి 2015 జూలై 29న విండోస్ 10 దాకా ఆగాల్సొచ్చింది. జనం తిట్లు గెలిచిన కేసు ఇది.

సరే, ఇప్పుడు 11కి వద్దాం. 2021 అక్టోబర్ 5న రిలీజ్. టాస్క్‌బార్‌ని మొదట్నుంచీ మళ్ళీ రాశారు, రాసేటప్పుడు పాతదాంట్లో ఉన్నవి చాలా కొత్తదాంట్లోకి రాలేదు. పైకో పక్కకో జరపడం లేదు, ఫైల్‌ని పట్టుకొచ్చి టాస్క్‌బార్ ఐకాన్ మీదికి లాగడం లేదు, రైట్ క్లిక్ చేస్తే టాస్క్ మేనేజర్ లేదు, అన్నిటికన్నా ముఖ్యంగా విండోలని విడివిడిగా పేర్లతో చూపించడం లేదు. ఐకాన్లు మధ్యలోకి వచ్చాయని మీమ్స్ వేసినవాళ్ళే ఎక్కువ కనిపించారు గానీ, మధ్యలోకి రావడం అసలు సమస్యే కాదు, సెట్టింగ్స్‌లో పర్సనలైజేషన్‌కి వెళ్ళి టాస్క్‌బార్ బిహేవియర్స్‌లో లెఫ్ట్ అని పెడితే అయిపోయె. అసలు సమస్య నాకు తెలిసిన ఒక అకౌంట్స్ ఆయన దగ్గర చూశా. ఆయనకి జీఎస్టీ రిటర్న్‌ల టైమ్‌లో ఎక్సెల్ బుక్కులు అయిదో ఆరో తెరిచే ఉంటాయి, ఒక పార్టీ పేరు మీద ఒకటి. కింద బారులో ఆ పార్టీ పేరు చూసి టక్కున నొక్కుతాడు, చూడక్కర్లేదు కూడా, చెయ్యే పోతుంది. అవన్నీ ఒకే పచ్చ ఐకాన్ కింద ముద్దగా చేరిపోతే, దాని మీద మౌస్ పెట్టాలి, చిన్న చిన్న బొమ్మలు వస్తాయి, అన్నీ గళ్ళు గళ్ళుగా ఒకేలా ఉంటాయి, అందులో వెతుక్కోవాలి. "ఇది అందంగానే ఉంది, నాకు అన్నం పెట్టదు" అన్నాడాయన. ఆయన్ని 10లోనే ఉంచేశా.

చూడు, ఆయన ఎక్కడా కామెంట్ పెట్టలేదు. ఇలాంటోళ్ళు పెట్టరు. కానీ అదే మాట ప్రపంచమంతా ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు ఫీడ్‌బ్యాక్ హబ్‌లో, అంటే మైక్రోసాఫ్ట్‌కి కంప్లయింట్లు చెప్పుకునే యాప్‌లో, అడగ్గా అడగ్గా 2023 చివర్లో ఆ ఆప్షన్ వెనక్కి తెచ్చారు, కంబైన్ టాస్క్‌బార్ బటన్స్ దగ్గర నెవర్ అని పెట్టుకోవచ్చు. ఫైల్ లాగడం 2022లోనే వచ్చేసింది. టాస్క్ మేనేజర్ కూడా రైట్ క్లిక్‌లోకి తిరిగొచ్చింది. అంటే నువ్వు ఇప్పుడు యూట్యూబ్‌లో చూస్తున్న వీడియోల్లో చాలావరకూ 2021, 22 నాటి విండోస్ 11ని తిడుతున్నవే, ముందు వీడియో డేట్ చూసుకో.

రైట్ క్లిక్ మెనూది ఇంకో ముచ్చట. కట్, కాపీ, పేస్ట్, రీనేమ్, డిలీట్ అన్నీ మాటలు తీసేసి పైన వరసగా బుల్లి బొమ్మలు చేశారు. ఒక ఫ్లెక్స్ డిజైనింగ్ షాపులో పిల్లకి కొత్త సిస్టమ్ ఇచ్చి వెనక నిలబడి చూస్తున్నా, పెన్‌డ్రైవ్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ కొట్టింది, మెనూ పైనుంచి కింద దాకా చదివింది, మళ్ళీ కింద నుంచి పైకి చదివింది, నా వైపు తిరిగి "అన్నా, కాపీ ఎక్కడికి పోయింది?" అంది. దాని కళ్ళ ముందే ఉంది, రెండు కాగితాలు ఒకదాని మీద ఒకటున్న బొమ్మ. ఎవరన్నా డిగ్రీ చదివినోళ్ళైనా మొదటిసారి అంతే. 24హెచ్2లో, అంటే 2024 అక్టోబర్‌లో వచ్చిన వెర్షన్‌లో, ఆ బొమ్మల కింద పేర్లు రాశారు. మూడేళ్ళు పట్టింది బొమ్మ కింద ఒక మాట రాయడానికి! పాత మెనూయే కావాలంటే షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ కొట్టమను, చాలు, రిజిస్ట్రీలో వేలు పెట్టే పనేం లేదు.

జనం తిట్టని ఫీచర్లు కూడా ఉన్నాయి, అవి వినపడవు, అంతే తేడా. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబ్స్ వచ్చాయి, నోట్‌ప్యాడ్‌లో ట్యాబ్స్ వచ్చాయి, సేవ్ చేయకుండా మూసినా మళ్ళీ తెరిస్తే రాసింది అక్కడే ఉంటుంది. దీని మీద ఎవరూ వీడియో చేయరు. నోట్‌ప్యాడ్‌లో ఏఐ పెడితే మాత్రం గోల గోల, వర్డ్‌ప్యాడ్ తీసేసి నోట్‌ప్యాడ్‌ని లావు చేస్తున్నారని, అదీ నిజమేలే, 95 నుంచీ ఉన్న వర్డ్‌ప్యాడ్ 24హెచ్2లో లేదు. అవసరం లేకపోతే నోట్‌ప్యాడ్ సెట్టింగ్స్‌లో ఏఐ ఆపేసుకోవచ్చు. నీలం స్క్రీన్ నల్లగా మారిందని కూడా 2025లో ఒక రౌండ్ నడిచింది. సిస్టమ్ పడిపోయాక అది ఏ రంగైతే ఏంటి.

ఇప్పుడు అసలు విషయం. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఏంటంటే గట్టిగా వినపడే తిట్టుకి భయపడక్కర్లేదు, కిక్కురుమనకుండా ఎక్కడో మూల ఇద్దరు ముగ్గురు చెప్పే మాటకి భయపడాలి. దీనికి 2018 అక్టోబర్‌ని మించిన సాక్ష్యం లేదు. విండోస్ 10లో 1809 అనే అప్‌డేట్, అక్టోబర్ 2న రిలీజ్ చేశారు, నాలుగు రోజుల్లో ఆపేశారు. ఎందుకంటే కొంతమందికి అప్‌డేట్ అయ్యాక డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లలో ఉన్న ఫైళ్ళు లేవు. రీసైకిల్ బిన్‌లో కూడా లేవు. ఎవరికి పోయాయంటే, డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ని సీ డ్రైవ్ నుంచి డీ డ్రైవ్‌కి మార్చుకుని, పాతవి సీలోనే వదిలేసినవాళ్ళకి. మనూళ్ళల్లో సర్వీసు చేసే ప్రతివాడూ కస్టమర్‌కి ఇచ్చే సలహా ఇదే కదా, సీలో ఏం పెట్టొద్దండీ, ఫార్మాట్ కొడితే పోతాయి, డీలో పెట్టుకోండి అని. జాగ్రత్త పడినోడికే దెబ్బ తగిలింది.

దీంట్లో రెండు విచిత్రాలు. ఒకటి, అది జనం అడిగితే చేసిన మార్పే. అంతకు ముందు వెర్షన్‌లో, ఇలా ఫోల్డర్ మార్చుకున్నోళ్ళకి ఖాళీ ఫోల్డర్లు ఇంకో కాపీ కనపడుతున్నాయని కంప్లయింట్లు వచ్చాయి, సరే ఆ ఖాళీవి తీసేద్దామని కోడ్ రాశారు, అది ఇంకో మార్పుతో కలిసి ఖాళీగా లేని పాత ఫోల్డర్లని కూడా ఊడ్చేసింది. రెండోది, రిలీజ్‌కి ముందే ఇన్‌సైడర్స్‌లో, అంటే అందరికన్నా ముందు వాడి చూసేవాళ్ళలో, కొందరు ఫీడ్‌బ్యాక్ హబ్‌లో మొత్తుకున్నారు, నా ఫైళ్ళు పోయాయి అని. కానీ ఆ పోస్టులకి ఓట్లు పెద్దగా లేవు, ఐకాన్ బాగోలేదు అనేదానికి ఓట్లు పడతాయి, ఎందుకంటే అది అందరికీ కనిపిస్తుంది. ఫైళ్ళు పోవడం ఎవడికి జరిగితే వాడికే తెలుసు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారమే డేటా పోయిందన్న రిపోర్టులు 10,000 ఇన్‌స్టాల్స్‌లో ఒకటి. ఆ దెబ్బతో ఫీడ్‌బ్యాక్ హబ్‌లో సమస్య ఎంత తీవ్రమైందో విడిగా చెప్పే చోటు పెట్టారు. నవంబర్ 13న మళ్ళీ రిలీజ్ చేశారు. తమాషా ఏంటంటే విండోస్ కీ, వీ కలిపి నొక్కితే వచ్చే క్లిప్‌బోర్డ్ హిస్టరీ, డీటీపీ వాళ్ళకి ప్రాణం లాంటిది, అదీ ఆ అప్‌డేట్‌లోనే వచ్చింది.

అందుకే కొత్త అప్‌డేట్ వచ్చినప్పుడు నేను కామెంట్లు చదివే పద్ధతి వేరు. బాగోలేదు, పాతదే నయం, చిరాకు లాంటివి దాటేస్తా. "పోయింది", "ఓపెన్ అవట్లేదు", "ప్రింట్ రావట్లేదు", "నన్ను అడక్కుండా ఆన్ అయింది" అనే మాటలు వెతుకుతా, అవి రెండు మూడు వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులు రాసి ఉంటే ఇంక ఆ నెల నా కస్టమర్లెవరికీ ఆ అప్‌డేట్ ఎక్కించను.

ఆ చివరి మాట, అడక్కుండా అనేది, దాని గురించి కూడా చెప్పాలి. 2016లో విండోస్ 10కి ఫ్రీగా మారండి అని ఒక బాక్స్ వచ్చేది గుర్తుందా, నువ్వు చిన్నోడివి అప్పుడు. ఏ బాక్స్‌కైనా పైన ఇంటూ గుర్తు నొక్కితే వద్దు అని అర్థం కదా, ఆ ఏడాది మే నెలలో ఇంటూ నొక్కినా షెడ్యూల్ అయిన అప్‌గ్రేడ్ ఆగేది కాదు, ఒప్పుకున్నట్టే లెక్క. జనం గగ్గోలు పెడితే జూన్ చివర్లో సరిచేశారు. కాలిఫోర్నియాలో ఒక ట్రావెల్ ఏజెంట్ ఆ అప్‌గ్రేడ్ వల్ల తన సిస్టమ్ పనికిరాకుండా పోయిందని కోర్టుకెళ్ళి 10,000 డాలర్లు తెచ్చుకుంది. ఆ రోజు పోయిన నమ్మకం ఇంకా పూర్తిగా రాలేదు, అందుకే 2024 మే 20న రీకాల్ అనే ఫీచర్ ప్రకటించగానే అంత మంట లేచింది. అదేంటంటే స్క్రీన్‌ని మాటిమాటికీ ఫోటోలు తీసి దాచిపెట్టి, తర్వాత నువ్వు వెతికితే చూపిస్తుంది. సెక్యూరిటీ వాళ్ళు ఆ ప్రివ్యూ తీసి చూస్తే ఆ ఫోటోల్లోంచి చదివిన అక్షరాలన్నీ మామూలు డేటాబేస్ ఫైల్‌లో ఉన్నాయి, సిస్టమ్‌లోకి ఏదన్నా వైరస్ వస్తే కష్టపడక్కర్లేకుండా మొత్తం ఎత్తుకుపోవచ్చు. రెండు మూడు వారాల్లోనే దిగొచ్చారు, నువ్వు ఆన్ చేస్తేనే ఆన్ అవుతుంది, విండోస్ హలోతో ముఖమో వేలిముద్రో చూపిస్తేనే తెరుచుకుంటుంది, ఎన్‌క్రిప్ట్ చేస్తాం అన్నారు, జనంలోకి రిలీజ్ అయ్యేసరికి 2025 ఏప్రిల్ అయింది. ఆ తర్వాత నెలలోనే సిగ్నల్ యాప్ వాళ్ళు విండోస్‌లో తమ చాట్లు స్క్రీన్‌షాట్‌కి రాకుండా అడ్డం పెట్టేశారు. కంపెనీ మార్చినా ఇంకో కంపెనీ నమ్మలేదన్నమాట.

నీకు మాత్రం రీకాల్ గొడవ లేదు. అది కోపైలట్ ప్లస్ అని అమ్మే కొత్త మెషీన్లలోనే ఉంటుంది, ఏఐ పనులకని విడిగా ఉండే ఎన్‌పీయూ అనే చిప్ కావాలి, దాని వేగం 40 టాప్స్ ఉండాలి, 16 జీబీ ర్యామ్ ఉండాలి. నాన్నగారి షాపులో మెషీన్‌కి ఇది రమ్మన్నా రాదు. కాబట్టి విండోస్ 11 అంటేనే స్క్రీన్ ఫోటోలు తీస్తుందని ఎవరైనా భయపెడితే నమ్మకు.

నీకు నిజంగా తగిలేవి వేరే ఉన్నాయి. మొదటిది హార్డ్‌వేర్. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ అయితే మామూలుగా ఎనిమిదో జనరేషన్ నుంచి, ర్యామ్ 4 జీబీ అని రాస్తారు గానీ 8 లేకుండా పని చేయించకు. పీసీ హెల్త్ చెక్ అని మైక్రోసాఫ్ట్‌దే చిన్న టూల్ ఉంది, అది రన్ చేస్తే చెప్పేస్తుంది. టీపీఎం లేదంటే కంగారుపడకు, చాలా బోర్డుల్లో బయోస్‌లో, అంటే విండోస్ ఎక్కకముందు వచ్చే బోర్డు సెట్టింగ్స్‌లో, ఆఫ్‌లో ఉంటుంది, ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎమ్‌డీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, ఆన్ చేస్తే సరి. రెండోది, 11లో 32-బిట్ వెర్షనే లేదు. షాపులో 10 గనక 32-బిట్‌ది ఉంటే పైనుంచి అప్‌గ్రేడ్ కుదరదు, కొత్తగా ఎక్కించాల్సిందే, పాత ప్రింటర్‌కి, స్కానర్‌కి 64-బిట్ డ్రైవర్ లేకపోతే అవి మూలన కూర్చోవాల్సిందే. నా మటుకు నాకు ఒకసారి ఒక షాపులో, కంపెనీ పేరెందుకులే, పాత స్కానర్ డ్రైవర్ సంగతి చూసుకోకుండా సిస్టమ్ మార్చేసి పెళ్ళి కార్డుల సీజన్‌లో రెండు రోజులు వాళ్ళ నోట్లో పడ్డా. తప్పు నాదే.

మూడోది మన భాషది. నాన్నగారు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొడుతుంటే, అవి యూనికోడ్ కాదు, అంటే ఏ సిస్టమ్‌లోనైనా ఒకేలా చదవగలిగే తెలుగు కాదు, వాటి కీబోర్డు మేనేజర్ విండోస్‌కి బయట నుంచి తగిలించిన ముక్క, కొత్త విండోస్‌లో అది ఒక్క అక్షరం తేడా రాకుండా నడుస్తుందో లేదో వేరే సిస్టమ్‌లో కొట్టి చూసుకోకుండా మారొద్దు. ఒత్తులు, గుణింతాలు, ముఖ్యంగా క్ష, జ్ఞ, శ్రీ కొట్టి చూడు, తర్వాత పాత పెళ్ళికార్డు ఫైల్ ఒకటి తెరిచి పేజీ చివర లైన్లు జరిగాయేమో చూడు. యూనికోడ్‌లో వర్డ్ ఫైళ్ళుంటే ఇంకోటి: ఎక్స్‌పీ కాలం నుంచి మనకి తెలిసిన గౌతమి ఫాంట్ ఇప్పుడు ముందే ఎక్కి ఉండకపోవచ్చు, విండోస్ 8 నుంచి తెలుగుకి నిర్మలా వాడుతున్నారు. పాత లెటర్ తెరిస్తే అక్షరాల ఆకారం మారిపోయి రెండు పేజీలది మూడు పేజీలైందని తిట్టుకునేది ఇందుకే. ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్ళి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎక్కిస్తే గౌతమి, వాణి రెండూ వచ్చేస్తాయి.

నాలుగోది వన్‌డ్రైవ్. హోమ్ ఎడిషన్ సెటప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది, లాగిన్ అయ్యాక డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ బ్యాకప్ అంటూ వన్‌డ్రైవ్‌లోకి తిప్పేసే అవకాశం ఉంది. ఫ్రీగా ఇచ్చేది 5 జీబీ. మన షాపుల్లో డెస్క్‌టాప్ అంటేనే గోడౌన్ కదా, ఏ నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్స్ అయినా ఒక్క ఫైలే అర జీబీ ఉంటుంది, సాయంత్రానికి నిండిపోయి మెసేజ్‌లు మొదలు. ఇన్‌స్టాల్ అయిన వెంటనే కింద మేఘం బొమ్మ మీద నొక్కి, సెట్టింగ్స్‌లో సింక్ అండ్ బ్యాకప్‌కి వెళ్ళి ఏ ఫోల్డర్లు ఆన్‌లో ఉన్నాయో చూసుకో. ఒకవేళ ఆపేస్తే, ఆపాక ఫైళ్ళు కనపడట్లేదని హడలిపోకు, వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపల డెస్క్‌టాప్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి, అక్కడి నుంచి వెనక్కి తెచ్చుకోవాలి. స్టార్ట్ మెనూలో యాప్‌ల ప్రకటనలు కూడా సెట్టింగ్స్‌లో స్టార్ట్ దగ్గర ఆపేయి, ఆపరేటర్లు పొరపాటున నొక్కకుండా.

ఇంక టైమ్ విషయం. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కానీ ఈఎస్‌యూలో, అంటే సపోర్ట్ అయిపోయాక కూడా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే స్కీమ్‌లో, చేరితే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి. 30 డాలర్లు కట్టి చేరొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లు 1000 ఇచ్చి చేరొచ్చు, లేదా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బులేం లేకుండానే. 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి, ఏ దారిలో చేరినా మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అని కనిపిస్తుంది.

నేనైతే ఇలా చేస్తా: రెండిట్లో పాతదాన్ని ఈఎస్‌యూలో పెట్టి 10తోనే ఉంచుతా, పెళ్ళిళ్ళ సీజన్ అయ్యాక కొత్తదాన్ని 11కి మారుస్తా, దానికి ముందు మొత్తం ఒక బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ కొట్టి ఆ డిస్క్ పీకి బీరువాలో పెడతా. మారాక పది రోజుల లోపు నచ్చకపోతే సెట్టింగ్స్‌లో రికవరీ దగ్గర గో బ్యాక్ అని ఉంటుంది, వెనక్కి వెళ్ళొచ్చు, పదకొండో రోజు ఉండదు, కాబట్టి ఆ పది రోజుల్లోనే అన్ని రకాల పనులూ ఒకసారి చేయించి చూడు, కలర్ ప్రింట్, ఆధార్ జిరాక్స్, స్కానింగ్, అను టైపింగ్, కోరల్ ఫైళ్ళు, అన్నీ. విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్ ఉంటుంది సీలో, ప్లేసు తింటోందని ఈలోపు డిలీట్ కొట్టొద్దు, వెనక్కి వెళ్ళే దారి అదే.

నాన్నగారు మొదటి వారం తిడతారు, తిట్టనీ. ఐకాన్లు ఎడమకి జరిపి, కంబైన్ నెవర్ పెట్టి ఇవ్వు, సగం తిట్లు అక్కడే తగ్గుతాయి. ఈలోపు ఆ రెండు సిస్టమ్‌ల ప్రాసెసర్, ర్యామ్, 32-బిట్టో 64-బిట్టో, ప్రింటర్, స్కానర్ మోడల్ నంబర్లు ఇక్కడే కింద రాయి, డ్రైవర్ ఉందో లేదో చూసి చెప్తా.